నిదానం ఈ నవలకు లోపం కాదు
జపాన్ రచయిత సెయిచో మత్సుమోతో నేర పరిశోధన నవల ‘జీరో ఫోకస్’లో పరిశోధన మరీ నిదానంగా సాగుతుందని, తప్పిపోయిన భర్త కోసం వెతికే తెయికోకు డిటెక్టివ్ లక్షణాలే లేవని ఆ నవలపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త అన్న మాటతో నేను ఏకీభవించలేను. పెద్దలు కుదిర్చిన సంబంధం చేసుకున్న కొద్ది రోజులకే, ఉద్యోగ బాధ్యతలు అప్పగించి వస్తానని కనజవా నగరానికి వెళ్లిన మనిషి తిరిగి రాకపోతే, అతని గురించి ఆమెకు తెలిసినది ఎంతని? పుస్తకంలో దాచిన రెండు ఇళ్ల ఫోటోలు తప్ప చేతిలో ఏమీ లేని ఆమె తడుముకోవడమే సహజం. ఈ కథ మా అమ్మకు చెప్పినప్పుడు ఆవిడ హంతకులెవరని అడగలేదు. ఆ పిల్ల తన బావగారిని ముందే ఎందుకు నిలదీయలేదని అడిగింది. నిజానికి తమ్ముణ్ణి వెతకడానికి వెళ్లిన ఆ బావగారు విషం కలిసిన విస్కీ తాగి చనిపోయేదాకా, ఆయన ఏదో దాస్తున్నాడన్న అనుమానం పాఠకుడిని వదలదు. పైగా ఇక్కడ అసలు వెతుకులాట మనిషి కోసం కాదు, అతని గతం కోసం. 1952 వరకు సాగిన అమెరికన్ ఆక్రమణ కాలంలో, సైనిక స్థావరం ఉన్న తచికావాలో అతను పోలీసుగా పనిచేశాడన్న సంగతి బయటపడ్డాక, ఆ రోజుల్లో అమెరికన్ సైనికులకు ఒళ్లమ్ముకుని బతకాల్సి వచ్చిన స్త్రీలు తర్వాత పరువుగా బతకడానికి ఎంత దాచుకోవలసి వచ్చిందో అర్థమవుతుంది. 1959లో పుస్తకంగా వచ్చిన నాటికి జపాన్ పాఠకులకు అది నిన్నమొన్నటి గాయం. చివర్లో తెయికో ఊహలు వరుసగా నిజమైపోవడం మాత్రం నాకూ కాస్త అతిగానే తోచింది.