సాగిన సినిమాకు అభిమాని కత్తెర

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో పిల్లల కోసం రాసిన ‘ది హాబిట్’ సుమారు మూడు వందల పేజీల నవల. పీటర్ జాక్సన్ దాన్ని 2012 నుంచి 2014 వరకు ఏడాదికొకటి చొప్పున మూడు సినిమాలుగా విడుదల చేశారు. థియేటర్లలో ఆడిన నిడివి మొత్తం 474 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలకు ఆరు నిమిషాలు తక్కువ. వెయ్యి పేజీలకు పైబడిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను కూడా అంతకుముందు అదే దర్శకుడు మూడు సినిమాల్లోనే చెప్పారని గుర్తు చేసుకుంటే, ఈ చిన్న నవలకు ఏం జరిగిందో తెలుస్తుంది. మొదట రెండు భాగాలనుకున్నది 2012 జూలైలో మూడు భాగాలయింది. చివరి భాగం విడుదలైన కొన్ని వారాలకే, 2015 జనవరిలో, అసలు పేరు చెప్పుకోని ఒక అభిమాని మొత్తాన్ని నాలుగున్నర గంటలకు కుదించి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ తర్వాత అలాంటి కూర్పులు ఇంకా చాలా వచ్చాయి.

చెన్నైలోని మన తెలుగు కుటుంబాల్లో ఇప్పటి తరానికి ఈ ‘ఫ్యాన్ ఎడిట్లు’ బాగా తెలుసు. పాత మహాబలిపురం రోడ్డు ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలు వాటిని చూస్తారు, కొందరు సొంతంగా చేస్తారు కూడా. ఇక్కడి మన తెలుగు సంఘంలోని పెద్దలకు మాత్రం ఇదంతా ఒకప్పటి దొంగ క్యాసెట్ల వ్యవహారం కొత్త వేషం కట్టినట్టు కనిపిస్తోంది. ఒకరి సొమ్ముకు ఇంకొకరు కత్తెర పెట్టడమేమిటన్న వారి ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయినా, సాగదీసిన సినిమాను శ్రద్ధగా కుదించడం సినిమా విమర్శలో ఒక పద్ధతేనని, పైగా అది కాస్త కష్టమైన పద్ధతి అని నా అభిప్రాయం. ‘సెకండాఫ్ సాగింది’ అని సమీక్షకుడు ఒక్క వాక్యంలో తేల్చేస్తే సరిపోతుంది. ఎక్కడ సాగిందో, ఎంత తీస్తే నిలబడుతుందో ఫ్యాన్ ఎడిటరు చేసి చూపించాలి. ఆ గౌరవం తనకు దక్కాలంటే అతను కూడా ఒక హద్దుకు కట్టుబడాలి. ఉన్నదాన్ని తీసేయవచ్చు గాని, లేనిదాన్ని పుట్టించకూడదు.

కథను సమయానికి తగ్గట్టు కుదించడం మన కథకులకు ఎప్పటినుంచో ఉన్న విద్యే. ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పుకున్నవాళ్లం మనం. అదే రామాయణాన్ని హరిదాసు రోజుల తరబడి చెప్పగలడు, ఊరివాళ్లు ఒక్క రాత్రికే పిలిస్తే సీతాకల్యాణంతో సరిపెట్టగలడు. టూరింగ్ టాకీసుల రోజుల్లో రెండో ఆట ఆలస్యమైతే ప్రొజెక్టరు ఆపరేటరే ఒకటి రెండు పాటలు ఎగరగొట్టేవాడు. అతన్ని ఎవరూ ఎడిటరని అనలేదు గాని, ఏ పాట తీస్తే జనం కుర్చీలు విరగ్గొడతారో, ఏది తీస్తే ఎవరికీ పట్టదో అతనికి తెలిసినంతగా నిర్మాతకు కూడా తెలిసి ఉండదు.

అక్కర్లేని సీన్లు తీసి పారేయడమే కదా అనుకునేవారు ‘హాబిట్’లోంచి ఒక్క పాత్రను తొలగించడం ఎంత పనో గమనించాలి. నవలలో లేని టారియల్ అనే యోధురాలిని సినిమా కోసం కల్పించి, పదమూడుగురు మరుగుజ్జు వీరుల్లో ఒకడైన కీలీకి ఆమెతో ప్రేమకథ పెట్టి, నవలలో కనిపించని ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వీరుడు లెగొలాస్‌ను కూడా మధ్యలోకి తెచ్చారు. చాలామంది అభిమానులు ముందుగా తీసేయాలనుకునేది ఈ వ్యవహారాన్నే. అయితే రెండో భాగంలో వీరులంతా పీపాల్లో కూర్చుని నదిలో కొట్టుకుపోయే సన్నివేశంలో కీలీ కాలికి విషపు బాణం తగులుతుంది. ఆ గాయంతో అతను సరస్సు మీది పట్టణంలో ఆగిపోతాడు, మరో ముగ్గురు కూడా అక్కడే ఉండిపోతారు, టారియల్ వచ్చి అతనికి వైద్యం చేస్తుంది. ఆమెను తీసేస్తే గాయం ఎలా మానిందో చెప్పేవారుండరు. గాయాన్ని కూడా తీసేస్తే, ఆ నలుగురూ తమ ప్రయాణానికి గమ్యమైన కొండ దగ్గర ఎందుకు లేరన్న ప్రశ్న వచ్చిపడుతుంది. నవలలో అందరూ కలిసే కొండకు వెళతారు గనుక, పుస్తకానికి దగ్గరగా ఉండాలనుకున్న ఎడిటరు అక్కడి దృశ్యాల్లో తలలు లెక్కపెట్టడానికి వీలిచ్చే దూరపు షాట్లను తప్పిస్తూ, ముఖాల మీది దగ్గరి షాట్లతోనే కథ నడుపుకోవాలి. తీగ లాగితే డొంకంతా కదలడం అంటే ఇదే. ఆ డొంకను సర్దుకున్నవాడికి స్క్రీన్‌ప్లే ఎలా అల్లుతారో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా తెలిసివస్తుంది.

శబ్దం ఇంకా మొండిది. సినిమా అభిమాని చేతికి వచ్చేసరికి మాటలు, సంగీతం, చప్పుళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. సీను మధ్యలో కోస్తే వయొలిన్ల రాగం గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. బ్లూరే డిస్కులోని 5.1 (ఆరు విడి ఛానెళ్ల) శబ్దంలో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి గనుక, దాన్ని విడదీసి మాటలను నిలబెట్టుకుని, తెగిన సంగీతం చోట అదే సినిమా ఆల్బమ్‌లోని మరో ట్రాకును కింద పరచడం ఈ పనిలో ఆరితేరినవారి ఉపాయం. వడపళనిలో ఉంటున్న ఒక విశ్రాంత సహాయ ఎడిటరు గారు, ఫిల్మును కోసి అతికే రోజుల నాటి ఎడిటింగ్ యంత్రం మూవియోలా మీద చేయి తిరిగినవారు, మన సంఘంలోని ఒక కుర్రవాడు చేసిన కూర్పును చూసి మొదట అడిగింది కథ గురించైతే కానే కాదు. ‘ఇక్కడ గాలి చప్పుడు మారిందేం బాబూ?’ అన్నారు. తీసేసిన సీనుకు ముందు కొండ గాలి, తర్వాత గుహలోని గాలి. వాటి మధ్య అతుకు తెరమీద కనపడలేదు గాని చెవికి వినపడింది. కుర్రవాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండు సెకన్లనే తిప్పి తిప్పి విన్నాడు.

కుదించడమంటే వేగం పెంచడమని పొరబడేవారు కూడా ఈ రంగంలో ఉన్నారు, వారి కూర్పులు ట్రైలర్లలా పరుగెడతాయి. నేను చూసినవాటిలో మంచివన్నీ, చీకటి గుహలో కథానాయకుడు బిల్బో, అక్కడ బతికే వింత జీవి గొల్లమ్ పొడుపుకథలు వేసుకునే సన్నివేశం జోలికి దాదాపుగా పోలేదు. అది పొడవైన సన్నివేశమే, అందులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప పెద్దగా ఏమీ జరగదు. అయినా ఆ పొడవు అక్కడ ఉండి తీరాలి. (ఆ అధ్యాయాన్ని టోల్కీనే 1951 నాటి రెండో ముద్రణలో తిరగరాశారు. రచయితే తన పుస్తకానికి రెండో కూర్పు చేసుకున్నాడన్నమాట.)

నిడివి దానంతటది దోషం కాదనడానికి మనకు 1957 నాటి ‘మాయాబజార్’ ఉండనే ఉంది. మూడు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో ఐదు నిమిషాలు తీయమంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో ఎవరికీ తోచదు. కె.వి. రెడ్డి గారు చిత్రీకరణకు ముందే ఒక్కో సన్నివేశం ఎన్ని నిమిషాలు ఉండాలో స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్క తేల్చుకునేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ లెక్క వెనుక కళ ఎంత ఉందో ఖర్చు కూడా అంతే ఉంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోతుంది, ప్రతి అడుగుకూ నిర్మాత డబ్బు పెట్టాలి. ఇప్పుడు డిజిటల్ కెమెరాకు అడుగుల బెడద లేదు, గ్రాఫిక్స్‌కు కోట్లు పోశాక ఆ షాటు తీసేయడానికి ఎవరికీ మనసొప్పదు. పాత రోజుల్లో పొదుపు సెట్టులోనే మొదలయ్యేది. ఇప్పుడు విడుదలయ్యాక ప్రేక్షకుడి చేతిలో మొదలవుతోంది. ‘మాయాబజార్’ తీసిన విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇవాళ వడపళనిలో ఒక మాల్ నడుస్తోంది, అందులోని మల్టీప్లెక్సులో మూడు గంటల ఫాంటసీ సినిమా చూసి బయటికి వస్తూ మన పిల్లలు ‘ఓ నలభై నిమిషాలు లేపేయొచ్చు’ అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

నిర్మాతలు కూడా ఈ మాట వింటూనే ఉన్నారు. 2024లో ‘భారతీయుడు 2’ విడుదలైన కొద్ది రోజులకే పన్నెండు నిమిషాలు ట్రిమ్ చేశారు. అదే ఏడాది చివర్లో వచ్చిన ‘పుష్ప 2’కు మాత్రం తర్వాత ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ థియేటర్లకు పంపారు. ఈ రెండింటిలోనూ కత్తెర ఎటు తిరగాలో నిర్ణయించింది టికెట్ కౌంటరే. అన్నింటికంటే ఆలోచింపజేసేది ‘బాహుబలి’ ఉదంతం. 2015లో, 2017లో వచ్చిన రెండు భాగాలు కలిపి ఐదున్నర గంటలకు దగ్గరగా ఉండగా, రాజమౌళి గారు వాటిని మూడుముప్పావు గంటల ఒక్క సినిమాగా మళ్లీ కూర్చి 2025 అక్టోబరు 31న విడుదల చేశారు. అవంతిక, శివుడి ప్రేమకథ చాలావరకు పోయింది, దానితోపాటు ‘పచ్చబొట్టేసిన’ పాట కూడా పోయింది. ఇన్నాళ్లూ అభిమానులు చేసినప్పుడు ‘తుంటరి పని’ అనిపించుకున్నదాన్నే దర్శకుడు చేశాక మనవాళ్లు టికెట్లు కొనుక్కుని వెళ్లి చూశారు. దర్శకుడికి ఆ హక్కు ఉంది, అభిమానికి లేదు, కాదనను. పని మాత్రం ఒక్కటే.

ఇక హద్దు సంగతి. 2013లో వచ్చిన హిందీ ‘రాంఝణా’ తమిళ రూపం ‘అంబికాపతి’ని 2025 ఆగస్టులో ఇక్కడి థియేటర్లలో మళ్లీ విడుదల చేసినప్పుడు, కృత్రిమ మేధతో ముగింపు మార్చి, చనిపోవలసిన కథానాయకుణ్ణి బతికించారు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, కథానాయకుడు ధనుష్ ఇద్దరూ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. అది చేసింది అభిమాని కూడా కాదు, హక్కులున్న సంస్థే. మన చట్టం సినిమాకు కర్తగా నిర్మాతను గుర్తిస్తుంది, దర్శకుణ్ణి గుర్తించదు. నటుడు చేయని నటనను అతని ముఖం మీద అతికించడాన్ని నేను ఎడిటింగ్ అనలేను. తీసేసేవాడు తెరమీద ఉన్న ప్రతి ఫ్రేముకూ మూలాన్ని చూపించగలడు, అతని కూర్పు నచ్చనివారు అసలు సినిమాకు వెళ్లి సరిపోల్చుకోగలరు. పుట్టించేవాడి దగ్గర ఆ సరిపోల్చుకునే వీలు మాయమవుతుంది. ఇప్పుడు ఆ సాధనాలు ప్రతి ల్యాప్‌టాప్‌లోకీ వచ్చేశాయి గనుక, సొంతంగా కూర్పులు చేసే మన పిల్లలకు ఈ తేడా ముందే చెప్పడం మంచిది.

చట్టం విషయంలో పెద్దల భయం పూర్తిగా నిరాధారం కాదు. వ్యక్తిగత ఉపయోగానికి, విమర్శకు న్యాయమైన వాడకం కింద 1957 నాటి కాపీరైట్ చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది గాని, మొత్తం సినిమాను కుదించి లోకానికంతటికీ పంచిపెట్టడం ఆ వెసులుబాటులో ఇమిడే మాట కాదు. అందుకే ఈ పనిలో నియమం పాటించేవారు, అసలు డిస్కు కొన్నవారే తమ కూర్పు చూడాలని, ఎవరూ డబ్బు తీసుకోరాదని పట్టుబడతారు. అది చట్టం ముందు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న, నీయత్తు మాత్రం అందులో తెలుస్తుంది.

మన సంఘం చేయదగిన పని ఒకటుంది. అదే చట్టం ప్రకారం సినిమా కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1960ల తొలి సంవత్సరాల తెలుగు జానపద చిత్రాలకు ఆ గడువు దాటిపోయింది. రాజకుమారి అపహరణ, మాంత్రికుడు, మాట్లాడే చిలుక, కత్తియుద్ధం ఉన్న ఆ సినిమాల్లో కొన్ని అద్భుతంగా ఉంటాయి, చాలావాటికి కత్తెర అత్యవసరం. పాటల సాహిత్యానికి హక్కులు కవి మరణం తర్వాత కూడా 60 ఏళ్లు విడిగా కొనసాగుతాయి గనుక ఆ సంగతి ముందుగా న్యాయవాదిని అడిగి తెలుసుకుని, అలాంటి ఒక చిత్రాన్ని ఎంచుకుని, వచ్చే వేసవిలో కోడంబాకంలో పనిచేసిన పాత ఎడిటర్లను గురువులుగా పిలిచి, సంఘం హాల్లో మన పిల్లలతో గంటన్నర కూర్పు చేయించవచ్చు. కత్తెర ఎక్కడ పడినా పెద్దలు సర్దుకుంటారన్న నమ్మకం నాకుంది. పాటల దగ్గర మాత్రం గొడవ ఖాయం. ఘంటసాల గారి పాటలో ఒక చరణం తీసేస్తానని ఏ కుర్రవాడైనా అంటే అతని వైపు నిలబడేవాళ్లు ఆ హాల్లో ఒక్కరూ ఉండరు, నాతో సహా.