ఫీజు బాకీకి లింకు కోత

ఇది 2021 జూలై మాట, కరోనాతో బడులు మూతపడి చదువు ఫోన్ల మీద నడిచిన కాలం. ఉదయం తొమ్మిదికి పరలోక జపంతో ఆన్‌లైన్ క్లాసు మొదలవుతుంది. ఆ జపంలో కూడా కొందరు పిల్లలు లేరు. నిద్ర లేవక కాదు, ఫోను లేక కాదు. పోయినేడాది ఫీజులో ఒకటో రెండో టర్ములు బాకీ ఉన్నాయని బడివాళ్లే ఐడీలు ఆపేశారు. 2021 జూలై 1న తెలంగాణలో కొత్త విద్యా సంవత్సరం ఆన్‌లైన్‌లో మొదలైన నాటి నుంచీ తల్లిదండ్రులు చెప్పుకుంటున్న గోడు ఇదే. కార్పొరేట్ బడులు ఈ పని చేస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. సేవే మా ధ్యేయమని ప్రాస్పెక్టస్ మొదటి పేజీలో అచ్చువేసుకునే కతోలిక విద్యాసంస్థల్లో కొన్ని కూడా అదే దారి పట్టాయి. మా ఆగ్రహం అందుకు.

ఈ కోత ఎలా జరుగుతుందో కాస్త వివరంగానే చెప్పాలి, చేసేవాళ్లకు అది మరీ చిన్న పనిగా కనిపిస్తోంది కాబట్టి. గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చే ఖాతాల్లో బడి ఆఫీసులో ఒకరికి అడ్మిన్ అధికారం ఉంటుంది. అకౌంట్స్ గది నుంచి బాకీల జాబితా వస్తుంది. పేర్ల పక్కన టిక్కులు పెట్టి సస్పెండ్ నొక్కితే నలభై మంది పిల్లలైనా రెండు నిమిషాల పని. మర్నాడు లాగిన్ అవబోయిన పిల్లకు ఖాతా నిలిపివేశారన్న వాక్యం తప్ప ఇంకేమీ కనిపించదు. పోయినేడాది తను పంపిన హోంవర్కు ఫొటోలు, టీచరు దిద్దిన నోట్సు కూడా అందులోనే చిక్కుకుపోతాయి. అమ్మ జీమెయిల్‌తో లింకు నొక్కి చూస్తే, లోపలివాళ్లు అనుమతించేదాకా ఆగమంటూ తెర తిరుగుతూనే ఉంటుంది. జాబితాలో లేని పేరును రానివ్వొద్దని టీచరుకు ముందే చెప్పి ఉంటారు. రెండు మూడుసార్లు కాదనిపించుకుంటే ఆ ఖాతాతో మళ్లీ అడిగే వీలు కూడా పోతుంది.

వాట్సాప్ మీద నడిచే చిన్న బడుల్లో ఇది ఇంకా ఘోరం. టీచరు ఒక నంబరును గ్రూపులోంచి తీసేస్తే, ఎవరు ఎవరిని తీశారో చెప్పే బూడిదరంగు వరుస ఒకటి లెక్కల హోంవర్కుకీ తెలుగు పద్యానికీ మధ్యన పడుతుంది. సెక్షన్‌లో అరవై మంది ఉంటే అరవై ఇళ్లలోనూ అది కనిపిస్తుంది. ఫీజు కట్టని పిల్లను ఆఫీసు ముందు నిలబెట్టడం అమానుషమని బడులు తెరిచి ఉన్న రోజుల్లో అందరం అన్నాం. అప్పుడు కనీసం సాయంత్రం బెల్లు కొట్టాక ఆ పిల్ల ఇంటికి వెళ్లేది. ఇప్పుడు ఆ వరుస గ్రూపులో అలాగే ఉండిపోతోంది.

పోయింది నాలుగు క్లాసులే కదా అనేవాళ్లు ఏడో తరగతి లెక్కల పుస్తకం తెరిచి చూడాలి. మొదటి పాఠం పూర్ణ సంఖ్యలు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుందో అక్కడే తేలాలి. ఆ రెండు వారాలు బయట ఉన్న పిల్ల తర్వాత భిన్నాల్లో తడబడుతుంది, సామాన్య సమీకరణాల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. సెప్టెంబరులో తండ్రి అప్పోసప్పో చేసి బాకీ కట్టి లింకు తెరిపించినా పాఠం వెనక్కి రాదు. ఫీజు ఆలస్యమైతే జరిమానాతో సర్దుకుంటుంది. పాఠానికి ఆ వెసులుబాటు లేదు.

యాజమాన్యాల వాదన మాకు తెలుసు: ఎయిడ్ లేని బడులకు ఫీజే ఆధారం, సిస్టర్లు లాభాలు పంచుకోవడం లేదు, కట్టగలిగీ కట్టని వాళ్లు కూడా ఉన్నారు, టీచర్లకు జీతాలివ్వాలి. అన్నీ నిజాలే. కానీ వాటిలో ఏ ఒక్కటీ పన్నెండేళ్ల పిల్ల ఐడీ ఆపడానికి సమాధానం కాదు.

2021 మే 3న సుప్రీంకోర్టు రాజస్థాన్ ప్రైవేటు పాఠశాలల కేసులో ఈ విషయమే తేల్చింది. బడులు మూతపడి కరెంటు, నీళ్లు, నిర్వహణ ఖర్చులు మిగిలాయి కనుక 2020-21 వార్షిక ఫీజులో 15 శాతం తగ్గించాలంది. మిగతాది ఆరు నెలసరి వాయిదాల్లో 2021 ఆగస్టు 5లోగా కట్టించుకోవచ్చంది. ఫీజు బాకీ ఉందని ఆన్‌లైన్ క్లాసుకు గానీ నేరుగా జరిగే క్లాసుకు గానీ ఏ విద్యార్థినీ రానివ్వకుండా ఆపరాదనీ, ఫలితాలు తొక్కిపెట్టరాదనీ స్పష్టంగా చెప్పింది. అంతకుముందే, 2020 ఏప్రిల్ 21న, ఫీజులు పెంచొద్దనీ ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలనీ తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. 2021 జూన్ నెలాఖరున ఆ ఏటికీ అదే మాట చెప్పింది. అంటే టర్ము బాకీ అన్న లెక్కే ఇక్కడ చెల్లదు. ఆ తీర్పు రాజస్థాన్‌ది, మాకు వర్తించదు అని లాయరుతో చెప్పించే యాజమాన్యం ఉంటే మా ప్రశ్న ఒకటే: పిల్లను బయట నిలబెట్టకుండా ఉండటానికి కతోలిక బడికి కోర్టు చెప్పాలా?

ఈ బడులను వేరే కొలతతో కొలవడం అన్యాయమని కొందరు అనవచ్చు. ఆ కొలత వాళ్లు కోరి తెచ్చుకున్నదే. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లివ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ హక్కును ఈ పత్రిక ఎన్నడూ ప్రశ్నించలేదు, ఇవాళా ప్రశ్నించడం లేదు. విశాఖలో 1847 నాటి సెయింట్ అలోషియస్ మొదలు మారుమూల పల్లెల్లోని ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) బడుల దాకా తెలుగునేలకు ఈ సంస్థలు పెట్టిన చదువు చిన్నది కాదు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మాల, మాదిగ పిల్లలకు పలక చేతికిచ్చింది మిషన్ బడులే. ఆ చరిత్ర వల్లే సమాజం ఈ హక్కును గౌరవిస్తోంది. హక్కు అడిగేటప్పుడు సేవను చూపించి, ఫీజు అడిగేటప్పుడు పక్క కార్పొరేట్ బడిని చూపిస్తే ఆ గౌరవం నిలవదు. రేపు ఈ హక్కు మీద ఎవరైనా చెయ్యి వేస్తే, ఇవాళ లింకు తెగిన పిల్లల తల్లిదండ్రులు వీళ్ల పక్కన ఎందుకు నిలబడాలి?

2020 అక్టోబరు 15న అప్పటి పోప్ ఫ్రాన్సిస్ తన వీడియో సందేశంలో ఈ కాలాన్ని విద్యావిపత్తు అన్న మాటతో వర్ణించారు. కోటి మంది దాకా పిల్లలు బడి మానాల్సి వచ్చే ప్రమాదం ఉందన్నారు. ఆ సందేశం మన మేత్రాసనాలన్నింటికీ, అంటే ఒక్కో బిషప్పు పరిధిలోని ప్రాంతాలన్నింటికీ, చేరింది. లింకు కోసే ఆఫీసు గదికి మాత్రం చేరినట్టు లేదు. అది మఠకన్యల సభ నడిపే బడి, మా చేతిలో లేదు అని పీఠాధిపతులు (బిషప్పులు) తప్పించుకోవడానికీ లేదు. సన్యాస సభలు నడిపేవైనా సరే, తన మేత్రాసనంలోని కతోలిక బడులను పర్యవేక్షించే, సందర్శించే హక్కు పీఠాధిపతికి ఉందని శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 806వ నిబంధన చెబుతోంది.

చేతకాకపోవడం కూడా సాకు కాదు. 2020లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 10న, ఈస్టర్ 12న వచ్చాయి. దేశమంతా లాక్‌డౌన్. దేవాలయాలు మూతపడిన మూడు వారాలకే విచారణ గురువులు, అంటే ఒక్కో చర్చి పరిధిని చూసుకునే ఫాదర్లు, ట్రైపాడ్ తెచ్చుకుని, సెల్‌ఫోన్ బిగించి, యూట్యూబ్‌లో దివ్యబలి పూజను ఇంటింటికీ అందించారు. పూజను అంత వేగంగా చేర్చగలిగిన వ్యవస్థకు పాఠం చేర్చడం అసాధ్యమా?

అసలు వీడియో మీదే వేలాడటం మొదటి తప్పు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండు చాలని కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞత మార్గదర్శకాలు 2020 జూలైలోనే చెప్పాయి. అయినా చాలా కాన్వెంట్లు పాత టైంటేబుల్‌నే తెర మీదికి ఎక్కించి ఆరేసి పీరియడ్లు నడుపుతున్నాయి. గంట వీడియో క్లాసుకు రమారమి ఒక జీబీ డేటా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ మీద బతికే ఇంట్లో మూడో పీరియడ్ మొదలయ్యేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరి చదువు ఆగినట్టే. ఆ ఒక్క ఫోను కూడా తండ్రితో పాటు పొద్దున ఎనిమిదికే పనికి వెళ్లిపోతే, పాఠం రాత్రి ఏడు తర్వాతే. అప్పటికి క్లాసూ లేదు, రికార్డింగూ లేదు.

అదే పాఠాన్ని టీచరు పదిహేను నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపితే రెండు మూడు ఎంబీలు దాటదు. బోర్డు ఫొటోలు నాలుగు కలిపితే ఇంకో ఎంబీ. ఆరు సబ్జెక్టులూ ముప్పై ఎంబీలలోపే అయిపోతాయి, రాత్రి ఎనిమిదికైనా వినొచ్చు. ప్రత్యక్ష వీడియో రోజుకు ఒక్కటి చాలు, అది కూడా సందేహాలకు. చేయాల్సిన మొదటి పని ప్రతి సెక్షన్ పిల్లలనూ మూడు జాబితాలుగా రాయడం: ఫోను రోజంతా ఇంట్లో ఉండేవాళ్లు, రాత్రిపూట మాత్రమే ఉండేవాళ్లు, అసలు లేనివాళ్లు. క్లాస్ టీచరు అరవై ఫోన్లు చేస్తే రెండు రోజుల్లో తేలిపోయే సంగతి. బడులు తొలిసారి మూతపడి పదహారు నెలలైనా ఈ జాబితా లేని బడులున్నాయి. బాకీల జాబితా మాత్రం ప్రతి బడిలోనూ పైసలతో సహా ఉంది.

మూడో జాబితాలో ఎక్కువమంది బోర్డింగ్ పిల్లలు. హాస్టళ్లు మూయగానే ట్రంకు పెట్టెలతో పల్లెలకు, ఏజెన్సీ గూడేలకు వెళ్లిపోయారు. అక్కడ సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి. వాళ్లకు కాగితమే దారి. సబ్జెక్టుకు వారానికి రెండు పేజీల వర్క్‌షీట్ అనుకున్నా ఆరు సబ్జెక్టులకు పన్నెండు పేజీలు, రెండు వైపులా తీస్తే ఆరు కాగితాలు. అరవై మందికి 360. ఒక రీము (500 కాగితాలు) కూడా పూర్తిగా పట్టదు, ప్రశ్నపత్రాలు తీసే మెషీన్ బడిలోనే ఉంది. పంచడానికి మరే ప్రైవేటు బడికీ లేని దారి వీళ్లకుంది. ఆదివారం పూజకు విచారణ కిందున్న పల్లెలకు గురువులు వెళ్తూనే ఉన్నారు, ప్రతి పల్లెలో మతబోధ చేసే ఉపదేశి ఉన్నాడు. ఒక ఆదివారం ఇచ్చి, మరుసటి ఆదివారం రాసినవి తీసుకురావచ్చు. ఏ మతం పిల్లయినా సరే, ఉపదేశి ఇంటి అరుగు మీద కవరు తీసుకోవచ్చు. ఇందులో ఒక్క జాగ్రత్త: దిద్దిన కాగితం తిరిగి వెళ్లకపోతే మూడో వారానికి పిల్లలు రాయడం మానేస్తారు. ఎర్ర ఇంకు చూసుకున్నప్పుడే తమ కోసం అవతల ఒక టీచరు ఉన్నారని వాళ్లకు నమ్మకం కలుగుతుంది.

ఈ మొత్తంలో మరీ బాధ పెట్టేది టీచర్ల చేత ఈ పని చేయించడం. సగం జీతాలతో, సొంత ఫోనుతో, సొంత డేటాతో ఏడాదికి పైగా నెట్టుకొచ్చినవాళ్లు వాళ్లు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయలూ 25 కిలోల బియ్యమూ ప్రకటిస్తే వరుసలో నిలబడాల్సి వచ్చినవాళ్లు. అలాంటి టీచరు చేతికి బాకీల జాబితా ఇచ్చి, నీ క్లాసు పిల్లను నువ్వే తీసెయ్ అంటున్నారు. ఫీజు సంగతి కరెస్పాండెంటుకూ తల్లిదండ్రులకూ మధ్యది. పిలిచి మాట్లాడండి, వాయిదాలు రాసుకోండి, నిజంగా కట్టలేనివాళ్లకు విచారణ నిధి నుంచో పూర్వ విద్యార్థుల నుంచో అడిగి సర్దండి. మధ్యలోకి పిల్లను లాగడానికి ఏ ప్రిన్సిపాల్‌కూ హక్కు లేదు.

సస్పెండ్ చేసిన ఖాతాలో ఏదీ చెరిగిపోదు. పేర్లు ఎంచుకుని రీయాక్టివేట్ నొక్కితే పాత నోట్సుతో సహా అన్నీ తిరిగి వస్తాయి. ఆపడానికి పట్టిన రెండు నిమిషాలే తెరవడానికీ పడతాయి. గ్రూపుల్లోంచి తీసిన నంబర్లను తిరిగి చేర్చి, ఆ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పండి. తీసింది అందరి ముందే కాబట్టి ఆ క్షమాపణ కూడా అదే గ్రూపులో ఉండాలి. సోమవారం ఉదయం తొమ్మిదికి మళ్లీ జపం మొదలవుతుంది. ఈలోపు మధ్యలో ఒక ఆదివారం ఉంది. ఆ పిల్లలను బయట ఉంచి పూజకు వెళ్లే యాజమాన్యాలు ముందు ఆఫీసు గది తాళం తీసి రావాలి.