అనపకాయల సంచి, ఆదివారం తగువు

బెంగళూరు, బీటీఎం లేఅవుట్‌లో మా అద్దె ఇల్లు. అక్క రైతుల సంత నుంచి నిండు సంచితో వచ్చింది. మదనపల్లె దగ్గర పాతికేళ్లు టమోటా పండించిన మా చిన్నాయన, సంచి ముడి విప్పకముందే తగువు విప్పాడు. నేను పక్కన కూర్చుని విన్నాను.

చిన్నాయన: టమోటా ఎంత పెట్టి తెచ్చినావు పాపా?

అక్క: కిలో నలభై. రైతు చేతికే ఇచ్చాను చిన్నాయనా, మధ్యలో ఎవరూ లేరు.

చిన్నాయన: రైతని ఎవరు చెప్పిరి?

అక్క: ఆయనే.

చిన్నాయన: తెల్లవారుజామున మండీలో నాలుగు బాక్సులు కొని, తొమ్మిదికల్లా రైతైపోయినోళ్లను నేను చూసినా. మన పక్క 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు రైతులకు గుర్తింపు కార్డులిచ్చినారు. మీ సంతలో ఏముంది? టెంటు!

అక్క: ఏ ఊరు, ఎన్ని గుంటల పొలం, బోరు ఎంత లోతు అని అడిగాను. తడబడలేదు. ఏరుకోనిచ్చాడు కూడా. ఫోన్‌లో ఆర్డరిస్తే ఏరుకోనిస్తారా?

చిన్నాయన: ఏరుకొని ఈ మచ్చకాయ తెచ్చినావా? సరే, రైతే అనుకుందాం. ఒక కోతకు నూరు బాక్సులు వచ్చినాయనుకో. కోలారు మండీ లెక్కన బాక్సు 15 కిలోలు, మొత్తం 1,500 కిలోలు. మనిషికి రెండు కిలోలు కొన్నా 750 మంది రావాల. మీ సంతేమో వారానికొకసారి. కాయ ఆదివారం దాకా ఆగుతుందా? కమీషన్ మీద ప్రేమతో నేను మండీకి పోలేదు పాపా. నూరు బాక్సులూ ఒక్క వేలం పాటలో పోతాయని పోయినా.

అక్క: పాటలో పోయి ఏం మిగిలింది? బండి బాడుగ కూడా రాక కాయ రోడ్డు పక్కన పారబోసిన ఏడాది, చిన్నమ్మ గాజులు ఎక్కడికి పోయాయి?

(చిన్నాయన మాట్లాడలేదు. అనాల్సింది కాదనుకుందేమో, అక్క లేచి మజ్జిగ తెచ్చిచ్చింది.)

చిన్నాయన: బ్యాంకుకు పోయినాయి. మరవలేదులే. 2023 జూలైలో కిలో నూరు దాటింది. అప్పటికి నేను సేద్యం మానేసినా. అదీ నా రాత.

అక్క: మండీ ఒక్కటే దారి కాదనే నేననేది. హాప్‌కామ్స్ చూడండి. 1959లో ద్రాక్ష రైతుల సంఘంగా మొదలైంది. రైతుల దగ్గర సరుకు తీసుకుని తన అంగళ్లలోనే అమ్ముతుంది. రైతు రోజంతా తక్కెడ పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

చిన్నాయన: అది మంచి ఏర్పాటే. లాల్‌బాగ్ దగ్గర నేనూ కొంటా. ధర బోర్డు మీదుంటుంది, బేరం లేదు. కానీ కోలారు టమోటా అంతా వాళ్లు తీసుకోగలరా?

అక్క: తీసుకోలేరు.

చిన్నాయన: మరి! పది గుంటల్లో మెంతాకు వేసినామె కట్టలు తెచ్చి, మధ్యాహ్నానికి అమ్ముకొని పోతుంది. సంత ఆమెకు. ఆమె దగ్గర నువ్వు బేరమాడితే ఊరుకోను. టమోటా రైతుకు మాత్రం అది చాలదు.

అక్క: అంటే సగం ఒప్పుకున్నట్టే కదా?

చిన్నాయన: ఏమీ ఒప్పుకోలేదు. ఆ అనపకాయ ఇట్లియ్యి.

(చిక్కుడులాంటి ఆ కాయ విరిచి వాసన చూశాడు. వేళ్లకంటిన జిడ్డు చూసుకున్నాడు.)

చిన్నాయన: ఇది నిన్న కోసిన కాయే. పితికిపప్పు చెయ్యమను మీ అమ్మను. వచ్చే ఆదివారం నన్నూ తీసుకపో. ఆ టమోటా ఆయన్ను నాలుగు మాటలు అడగాల.