ఒక్క మాటతో అయిపోయే కథేనా?

ఈ నెలలో ఒకే పోస్టు నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. బంధువుల వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు, పాత ఆఫీసు గ్రూపులో ఒకసారి, మా పెద్దమ్మ కూతురి స్టేటస్‌లో ఒకసారి. "కొరియన్ ప్రేమ సీరియళ్ళతో టైమ్ వేస్ట్ చేసుకోకండి" అని మొదలవుతుంది. ఉదాహరణగా 'అవర్ బిలవ్డ్ సమ్మర్'ని తీసుకున్నారు. అందులోని వాదన ఇదీ: పదహారు గంటలు కూర్చున్నా ఏమీ జరగదు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే రెండో ఎపిసోడ్‌లోనే కథ అయిపోతుంది. చూడాలనే ఉంటే స్పీడ్ పెంచుకుని చూడండి, పోయేదేమీ లేదు. ఇది కాలేజీ పిల్లల పిచ్చి. తొలి ప్రేమ మళ్ళీ దొరుకుతుందని చెప్పే అబద్ధం. ఇంతకీ మన మనుషులకూ మన పద్ధతులకూ సంబంధం లేని వ్యవహారం. తాను మూడో ఎపిసోడ్‌లో ఆపేశానని కూడా రాశారు.

ఈ పోస్టు పంపినవాళ్ళలో నేను గౌరవించేవాళ్ళు ఉన్నారు. అందుకే చదివి ఊరుకోలేకపోయాను. జవాబు చెప్పాలంటే కథ బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివాళ్ళు చూశాకే ఇది చదవండి.

కొరియాలో ఎస్‌బీఎస్ ఛానెల్‌లో 2021 డిసెంబర్ 6న మొదలై 2022 జనవరి 25న ముగిసిన సీరియల్ ఇది. మొత్తం 16 ఎపిసోడ్లు. స్కూల్లో ఫస్ట్ వచ్చే అమ్మాయి యన్‌సు, లాస్ట్ వచ్చే అబ్బాయి ఉంగ్. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒక టీవీ డాక్యుమెంటరీ తీస్తారు. తర్వాత ఇద్దరూ ప్రేమించుకుంటారు, కొన్నేళ్ళకు విడిపోతారు. విడిపోయిన ఐదేళ్ళకు ఆ పాత డాక్యుమెంటరీ ఇంటర్నెట్‌లో ఉన్నట్టుండి పాపులర్ అవుతుంది. అప్పటికి ఉంగ్ పేరున్న ఇలస్ట్రేటర్, యన్‌సు ఇతర కంపెనీలకు ప్రచారం చేసిపెట్టే ఒక పీఆర్ కంపెనీలో టీమ్ లీడర్. వాళ్ళిద్దరితో మళ్ళీ డాక్యుమెంటరీ తీయడానికి వచ్చే డైరెక్టర్ జీఉంగ్, ఉంగ్‌కి చిన్ననాటి స్నేహితుడు. అతనికీ యన్‌సు అంటే ఇష్టం. ఆ సంగతి మనసులోనే దాచుకుంటాడు.

ఏమీ జరగదన్నారు. యాక్సిడెంట్ జరగదని వారి ఉద్దేశమైతే నిజమే. తొలి ప్రేమ మళ్ళీ ఎదురయ్యే కొరియన్ సీరియళ్ళలో అందరికంటే ముందు చెప్పుకునేది 2002లో వచ్చిన 'వింటర్ సొనాటా'. అందులో అబ్బాయికి యాక్సిడెంట్ అవుతుంది, చనిపోయాడనుకుంటారు. పదేళ్ళ తర్వాత అతను జ్ఞాపకం పోయి, వేరే పేరుతో కనిపిస్తాడు. అన్నాచెల్లెళ్ళేమోనన్న అనుమానం వస్తుంది, చివర్లో అతనికి చూపు కూడా పోతుంది. ఆ కథలో ఇద్దర్నీ విడదీసింది విధి. 'అవర్ బిలవ్డ్ సమ్మర్'లో విధికి పెద్దగా పనిలేదు. అక్కడ విడదీసినవి డబ్బు, అభిమానం, భయం. ఇవి శబ్దం చేస్తూ వచ్చేవి కావు కాబట్టి ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఉంగ్ బొమ్మల సంగతి చూడండి. అతను బిల్డింగులూ చెట్లూ మాత్రమే గీస్తాడు, మనుషుల్ని గీయడు. సీరియల్‌లో కనిపించే ఆ బిల్డింగుల బొమ్మలు తీబో ఎరెమ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడివి. ఒక్కో కిటికీ, ఒక్కో అంచూ ఓపిగ్గా గీసినవి. మొదట్లో ఇదేదో ఆర్టిస్టు అలవాటు అనుకుంటాం. ఎన్నో ఎపిసోడ్ల తర్వాత తెలుస్తుంది, చిన్నప్పుడు కన్నతండ్రి అతన్ని రోడ్డు మీద వదిలేసి వెళ్ళిపోయాడని, ఇప్పుడున్న అమ్మానాన్నలు పెంచుకున్నవాళ్ళని. కదిలేవాటి మీద నమ్మకం పోయినవాడు కదలనివాటి దగ్గర కూర్చున్నాడు. ఆ ముక్క తెలిశాక వెనక్కి వెళ్ళి మొదటి ఎపిసోడ్ చూస్తే, ఏమీ జరగలేదని మనం అనుకున్న ప్రతిచోటా ఏదో జరుగుతూనే ఉంది.

ఇక అసలు విషయం. ఆ పోస్టులో నన్ను బాగా కష్టపెట్టిన వాక్యం, "ఒక్క మాట మాట్లాడుకుంటే అయిపోయేది."

యన్‌సు ఉంగ్‌ని ఎందుకు వదిలేసింది? ఆమెకున్నది ముసలి బామ్మ ఒక్కతే. చిన్నప్పటి నుంచి లేమి. చదువుకుని పైకి వస్తే బామ్మని బాగా చూసుకోవచ్చన్న ఒక్క ఆశతో పెరిగింది. సరిగ్గా ఆ గట్టు ఎక్కబోయే సమయానికి ఇంటి మీద అప్పు పడింది. ఎదురుగా ఉన్న ఉంగ్ ఏ లోటూ లేని ఇంట్లో, తల్లిదండ్రుల హోటళ్ళ మధ్య హాయిగా పెరిగినవాడిలా కనిపిస్తాడు. అతనితో ఆమె ఏం చెప్పాలి? నాకు డబ్బుల్లేవనా? నీ పక్కన నిలబడితే నా పేదరికం నాకే ఎక్కువగా కనిపిస్తోందనా? అవి చెప్పలేక, తాను వదిలేయగలిగినది అతన్నొక్కణ్ణే అనే అర్థం వచ్చే మాట చెప్పి వెళ్ళిపోయింది. అంటే మాట్లాడకపోవడం కాదు, మాట్లాడింది. తన దరిద్రం బయటపడకుండా ఉండటానికి ఏ మాట కావాలో ఆ మాటే మాట్లాడింది. అప్పటికే ఒకసారి రోడ్డు మీద వదిలివేయబడినవాడికి సరిగ్గా ఆ మాట తగిలింది. అతను వెంటపడి ఎందుకని అడగలేదేం అంటారా? అడిగితే వచ్చే జవాబు, తనలో ఏదో లోపం ఉందనే అవుతుందని భయపడేవాడు అడగడు.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. నేను డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్న ఏడాది మా నాన్న వ్యాపారం దెబ్బతింది. అప్పులవాళ్ళు పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చునేవాళ్ళు. మా అమ్మ వాళ్ళకి టీ ఇచ్చేది. ఆ ఏడాదే ఇల్లు అమ్మాం. నా ప్రాణ స్నేహితురాలు తన పుట్టినరోజుకి పిలిస్తే పనుందన్నాను. ఇంకోసారి సినిమాకి పిలిస్తే మళ్ళీ పనుందన్నాను. మూడోసారి ఫోనే ఎత్తలేదు. గిఫ్ట్ కొనడానికి నా దగ్గర డబ్బుల్లేవని చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం నాకు పన్నెండేళ్ళ దాకా దొరకలేదు. ఒక పెళ్ళిలో కలిసినప్పుడు చెప్పాను. "నేనేం తప్పు చేశానా అని ఇన్నేళ్ళూ వెతుక్కున్నానే" అంది. నేను దాచింది నా అవమానాన్ని. దాన్ని మోసింది మాత్రం తను.

అందుకే ఆ సీరియల్ పదహారు గంటలు తీసుకోవడం నాకు ఎక్కువ అనిపించలేదు. స్నేహితులుగా ఉందాం అని ఉంగ్ తనే అంటాడు. కొన్ని ఎపిసోడ్ల తర్వాత అతనే ఏడుస్తూ నన్ను వదలకు అని బతిమాలుకుంటాడు. ఈ రెండింటి మధ్య ఉన్న సమయమే కథ. దాన్ని రెండో ఎపిసోడ్‌లోకి నెడితే కథ త్వరగా అయిపోదు, అసలు ఉండదు.

స్పీడ్ పెంచి చూడమనే సలహాకు వద్దాం. నెట్‌ఫ్లిక్స్‌లో ఒకటిన్నర రెట్ల వేగం పెట్టుకోవచ్చు. లెక్కప్రకారం 16 గంటలు కాస్తా 10 గంటల 40 నిమిషాలవుతుంది. పోయేదేమిటో చెప్తాను. ఈ కథ నడిచేదే ఒక కెమెరా చుట్టూ. జీఉంగ్ షూట్ చేసిన ఫుటేజ్‌ని ఎడిటింగ్ గదిలో ఒంటరిగా కూర్చుని మళ్ళీ మళ్ళీ చూస్తాడు. తన కెమెరా ఎవరి మీద ఎక్కువసేపు ఆగిందో అక్కడ అతనికే తెలుస్తుంది. మనుషులు చెప్పనిది ఆగి చూసే కంటికి దొరుకుతుందన్నదే ఆ సీరియల్ పట్టుకున్న విషయం. దాన్ని ఆగకుండా చూస్తే ఎలా? పైగా కొన్ని సంఘటనలు ఒకసారి ఉంగ్ గొంతుతో, ఇంకోసారి యన్‌సు గొంతుతో, మరోసారి జీఉంగ్ వైపు నుంచి వస్తాయి. చూసిందే చూపిస్తున్నారనిపించే చోట, నిజానికి అప్పటిదాకా మనకి తెలిసింది సగమే అని చెబుతున్నారు. కొరియన్ రానివాళ్ళం సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూస్తాం కదా. వేగం పెంచితే కళ్ళు కింద అక్షరాల మీదే ఉంటాయి, పైన మొహాలు దాటిపోతాయి. వీళ్ళ సంభాషణలో సగం మొహాల్లోనే ఉంది.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఇది వారానికి రెండు, సోమ మంగళవారాల్లో, ఎనిమిది వారాల పాటు వచ్చిన సీరియల్. ఒక మంగళవారం రాత్రి ఉంగ్ మొహం మీద ఆగిపోతే, తర్వాతి సోమవారం దాకా కొరియాలో ప్రేక్షకులు ఆ మొహంతోనే ఉన్నారు. మనం శనాదివారాల్లో పదహారూ ఒకేసారి పెట్టుకుని, సాయంత్రానికి తల బరువెక్కితే సీరియల్ నెమ్మదిగా ఉందంటున్నాం. రోజుకొకటి చూడండి. నేను రెండోసారి అలాగే చూశాను, అమ్మతో కలిసి, రాత్రి భోజనాలయ్యాక.

వేగం గురించి నాకూ ఒక ఫిర్యాదు ఉంది, కాకపోతే అది మరోవైపు నుంచి. చివరి ఎపిసోడ్ తొందరపడింది. ఉంగ్ చదువుకోవడానికి విదేశం వెళ్ళడం, తిరిగి రావడం, పెళ్ళి, అన్నీ ఒక్క గంటలో సర్దేశారు. అంత ఓపిగ్గా దగ్గరైనవాళ్ళ దూరపు రోజులు కూడా అంతే ఓపిగ్గా చూపించాల్సింది. ఉంగ్‌ని కాపీ కొట్టే ఆర్టిస్టు పాత్ర కూడా పలచగానే ఉంది. అవసరమైన నాలుగు మాటలు అనడానికి వచ్చి వెళ్ళిపోయినట్టుంటుంది. ఆ పోస్టు ఇలాంటివి ఎత్తిచూపి ఉంటే నేను లైక్ కొట్టేదాన్ని.

కాలేజీ పిల్లల పిచ్చి అన్నదానికి పెద్దగా చెప్పక్కర్లేదు. 'వింటర్ సొనాటా' 2003, 2004ల్లో జపాన్‌లో ఎన్‌హెచ్‌కే అనే టీవీ సంస్థలో వచ్చినప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నది ముఖ్యంగా నడివయసు ఆడవాళ్ళు. షూటింగ్ జరిగిన నామీ ద్వీపం చూడటానికి జపాన్ నుంచి కొరియాకు ప్రయాణం కట్టినవాళ్ళు వాళ్ళే.

తొలి ప్రేమ అబద్ధమా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. కొరియాలో తొలి ప్రేమ నెరవేరదు అని ఒక నానుడే ఉంది. అక్కడివాళ్ళకు ఆ భ్రమ మనకంటే ఎక్కువేమీ లేదు. ఈ సీరియల్ కూడా పోయినది పోయినట్టుగా దొరుకుతుందని చెప్పదు. తిరిగి కలిసిన యన్‌సు పాత యన్‌సు కాదు. కష్టం వస్తే దాచేసి ఒంటరిగా మోసే అలవాటు ఆమె వదులుకోవాలి, వదిలేస్తారేమోనని ముందే దూరం జరిగే అలవాటు ఉంగ్ వదులుకోవాలి. అది చేతకానంతకాలం కలిసినా లాభం లేదని చూపిస్తుంది. కాపురాలు పాడవుతాయని కూడా ఆ పోస్టులో ఒక మాట ఉంది. 2020లో వచ్చిన 'వెన్ మై లవ్ బ్లూమ్స్' గురించి ఆ భయం చెప్పి ఉంటే అర్థం చేసుకునేదాన్ని. అందులో నడివయసులో తొలి ప్రేమ ఎదురయ్యేనాటికి హీరోకి భార్య, కొడుకు ఉన్నారు. అది చూస్తున్నప్పుడు నాకూ మనసు ఒప్పుకోలేదు. ఉంగ్, యన్‌సుల కథలో అలాంటి మూడో మనిషి కన్నీళ్ళ మీద కట్టిన ఇల్లేదీ లేదు. రెండు సీరియళ్ళను ఒకే గాటన కట్టడం తప్పు.

ఆఖరిది, మనకు సంబంధం లేదన్న మాట. కొరియన్‌లో ఎదుటివాళ్ళ వయసును, చనువును బట్టి మాట మారుతుంది, క్రియ చివర మారుతుంది. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే. మీరు నుంచి నువ్వుకి దిగడం ఎంత పెద్ద సంగతో ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌కి తెలియదు, అన్నిటికీ ఒకే మాట పెట్టేస్తుంది. తెలుగువాళ్ళకి చెవి పెడితే చాలు, పట్టుబడుతుంది. ప్రేమని నోటితో చెప్పడం రానివాళ్ళు "అన్నం తిన్నావా" అని అడిగే అలవాటు వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది. క్రియ చివరకు రావడం కూడా రెండు భాషల్లోనూ ఒకటే. ఈ సీరియల్ అసలు పేరు దానివల్లే అంత బాగుంది. కొరియన్ పేరుని మాటకు మాట తెలుగులో పెడితే 'ఆ ఏడాది మనం' అవుతుంది. అంతే, క్రియ లేదు. వాక్యం అక్కడే వదిలేశారు. ఇంగ్లీష్‌లో దాన్ని పూర్తిగా మార్చి 'మన ప్రియమైన వేసవి' అనే అర్థం వచ్చేలా పెట్టుకున్నారు.

చివరి ఎపిసోడ్ అయ్యాక ఈ పేరు సంగతి అమ్మకి చెప్పాను. నువ్వైతే ఎలా పూర్తి చేస్తావు అని అడిగాను. రిమోట్ చేతిలోనే ఉంది, టీవీ ఆపలేదు. కాసేపటికి అంది, "ఆ ఏడాది మనం మీ మావయ్యకి చెప్పి ఉంటే ఇల్లు నిలిచేదేమో."