కీమోకు ముందు మనిషిని చూడమని అడుగుదాం

హైదరాబాద్‌లో నాన్నకు క్యాన్సర్ అని కబురు రాగానే ఇక్కడ దూరాన ఉన్న మనం అడిగేవి రెండే: ఏ స్టేజి, ఏ హాస్పిటల్? బసవతారకమా, ఎంఎన్‌జేనా, కార్పొరేటా అని వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా చర్చ. "ఈ వయసులో ఆయనకెందుకీ బాధ" అని బాబాయి అంటే, "ఖర్చెంతైనా ఫుల్ డోసే ఇవ్వమనండి" అని కొడుకు. ఆయన ఒంట్లో ఓపికెంతో చూడకుండానే ఇద్దరూ తేల్చేస్తున్నారు.

చూసే పద్ధతి ఉంది. దాన్నే జెరియాట్రిక్ అసెస్‌మెంట్ అంటారు. 65 దాటినవాళ్లకు కీమోకు ముందు ఇది చేయాలని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2018లోనే చెప్పింది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటారు. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మాటలు గుర్తున్నాయా అని అడుగుతారు. ఈమధ్య కింద పడ్డారా, బరువు తగ్గారా, దిగులుగా ఉంటున్నారా, ఇంట్లో తోడెవరు అని ఆరా తీస్తారు. మందుల కవరు మొత్తం తెమ్మంటారు. బీపీ, షుగర్ బిళ్లలతోపాటు మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలూ అందులోనే బయటపడతాయి. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందు అసలే కిడ్నీల మీద భారం. దానికి ఆ నొప్పి మాత్రలు తోడైతే ఇంకా ప్రమాదం.

ఇదంతా తూతూమంత్రం కాదు. 70 దాటి, ముదిరిన క్యాన్సర్ ఉన్న 718 మందితో అమెరికాలో జరిగిన అధ్యయనం 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అసెస్‌మెంట్ వివరాలు, సూచనలు డాక్టర్ చేతికి అందినచోట తీవ్రమైన దుష్ప్రభావాలు నూటికి 51 మందికి వస్తే, అందనిచోట 71 మందికి వచ్చాయి. ఆరు నెలలకు బతికున్నవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని అందరికీ డోసు తగ్గించమని కాదు. గట్టిగా ఉన్న మనిషికి వయసు పేరు చెప్పి వైద్యం కుదించడమూ అన్యాయమే.

ఓపీ రద్దీలో ఇది దానంతటదే జరుగుతుందని కూర్చోవద్దు, నోరు తెరిచి అడగండి. కనీసం జీ8 అనే చిన్న ముందస్తు పరీక్షైనా చేయమనండి. ఎనిమిది ప్రశ్నలు, కొద్ది నిమిషాల పని. 17కి 14 లేదా అంతకన్నా తక్కువ వస్తే పూర్తి అసెస్‌మెంట్ కావాలి. వీడియో కాల్‌లో మనకు ముఖమే కనిపిస్తుంది, అమ్మ మంచం మీంచి ఎలా లేస్తోందో కనపడదు. "బాగానే ఉన్నాన్రా" అనే మాట మీద కీమో నిర్ణయించకూడదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది "అమ్మకు చెప్పకండి, టెన్షన్ పడుతుంది" అనే మాట. నాలుగు నెలలు ఎక్కువ బతకడమా, తన పనులు తాను చేసుకోగలగడమా, ఆవిడకు ఏది ముఖ్యమో ఆవిడే చెప్పాలి. జబ్బేమిటో తెలియని మనిషి ఏం చెప్పగలదు?