బంతి తగిలింది, గొంతు తెగింది, డబ్బు మాత్రం యజమానికి

బార్బర్ ఒక బానిసకి గడ్డం గీస్తున్నాడు. దగ్గర్లో కొందరు బంతాట ఆడుతున్నారు, ఒకడు గట్టిగా కొట్టిన బంతి వచ్చి బార్బర్ చేతికి తగిలింది, అంతే, కత్తి దిగి బానిస గొంతు తెగిపోయింది. ఇప్పుడు డబ్బు ఎవరు కట్టాలి?

రోమన్ లా చదివినవాళ్లకి ఈ కేసు గుర్తుండే ఉంటుంది. ప్రోక్యులస్ అనే రోమన్ లాయర్ బార్బర్‌దే తప్పన్నాడు. ఉల్పియన్ అనే ఇంకో లాయర్ కూడా, రోజూ ఆటలాడే చోటో జనం తిరిగే చోటో గడ్డం గీస్తుంటే అతనిదే తప్పంటూనే, అలాంటి చోట కుర్చీ వేసినవాడికి వెళ్లి మెడ అప్పగించినవాడు తనని తానే తిట్టుకోవాలి అన్నా తప్పేం లేదని ఇంకో మాట పడేశాడు. నేను దీన్ని చాలాసార్లు పజిల్‌లాగే చదివా. ఆలస్యంగా తట్టిందేంటంటే, చచ్చినవాడి తరఫువాళ్లకి ఇందులో దమ్మిడీ రాదు. ఇది ఆస్తి నష్టం కేసు.

చట్టం పేరు లెక్స్ అక్విలియా, క్రీ.పూ. 287 ప్రాంతంలో వచ్చింది. వేరేవాళ్ల బానిసనో, మందలో మేసే నాలుగు కాళ్ల జంతువునో అన్యాయంగా చంపితే, గడిచిన ఏడాదిలో దానికున్న అత్యధిక ధర యజమానికి కట్టాలి. కాల్చడం, విరగ్గొట్టడం లాంటి మిగతా డ్యామేజీలకి లెక్క 30 రోజులే. చేసి కూడా చెయ్యలేదని బుకాయించి ఓడిపోతే డబుల్. ఈ ఏడాది లెక్క ఎక్కడిదాకా పోతుందంటే, బొమ్మలేసే బానిసకి బొటనవేలు పోయి, ఏడాది తిరక్కుండానే ఎవడో చంపేస్తే, వేలు ఉన్నప్పటి రేటే కట్టాలి. పంది మంద జంతువే, కుక్క కాదు, ఏనుగూ ఒంటే మాత్రం లిస్టులో ఉన్నాయని గైయస్ అనే లాయర్ కూర్చుని తేల్చాడు. బానిస గురించి తేల్చే పనే పడలేదు, చట్టంలోనే రాసుంది.

నిజం చెప్పాలంటే ఈ లాయర్ల మీద కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. 'అన్యాయంగా' అన్న ఒక్క మాట పట్టుకుని నిర్లక్ష్యం అనే కాన్సెప్ట్ మొత్తం అల్లేశారు. చెట్టు కొమ్మ నరికేవాడు కింద పోయేవాళ్లకి వినపడేలా ఒక కేక వెయ్యాలి, వెయ్యకపోతే తప్పే, జాగ్రత్త ఉన్నవాడు ఊహించగలిగేది ఊహించకపోవడమే తప్పంటే, అని పౌలస్ అనే లాయర్ రాశాడు. చట్టం స్వయంగా చేత్తో చంపినవాడికే వర్తిస్తుందా, అయితే గదిలో పెట్టి తాళమేసి ఆకలికి చంపినవాడు తప్పించుకోకూడదని ఇంకో రకం దావాకి దారి చూపించారు. ఇంత సన్నగా నూలు తీసిన బుర్రలు, 533లో జస్టీనియన్ చక్రవర్తి ఈ లాయర్ల రాతలన్నీ కూర్చిన డైజెస్ట్ తెచ్చేదాకా, అంటే 800 ఏళ్లకి పైగా, బానిసని ఆ మంద పక్కనుంచి ఇవతలికి లాగలేదు. స్వతంత్రుడి ఒంటికి వెల కట్టకూడదన్నదీ వీళ్లే మరి.

పౌలస్ దగ్గరే ఇంకో ముక్క ఉంది. ఒకాయనకి ఉన్న బానిస ఆయన కన్నకొడుకే, ఆ కొడుకుని ఎవడో చంపేశాడు. ఆ కొడుకు వేరేవాళ్ల చేతిలో ఉండుంటే తండ్రి ఎంత పోసైనా కొనుక్కునేవాడే కదా, ఆ ప్రేమకి ఏమైనా కలుపుతారా అంటే, కలపరు. బజారులో అందరికీ ఎంతో, ఆ తండ్రికీ అంతే.