చెమట సాక్షిగా

నిన్న పొద్దున్న పదకొండు గంటలకి నేను బతికి లేను. పన్నెండుకీ లేను. ఒంటి గంట దాటాక, పేరైనా అడగడం మర్చిపోయిన ఒక కాలేజీ పిల్ల పుణ్యమా అని మళ్ళీ ప్రాణం వచ్చింది. ఆ రెండు గంటల్లో చాలాభాగం పర్లాకిమిడిలో ఒక బ్యాంకులో స్టూలెక్కి, కుడిచెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాను. నాకు అరవై మూడేళ్ళు. ముప్పై రెండేళ్ళు సైన్సు మాస్టారుగా చేశాను. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది కనక అన్నీ వరసలో రాకపోతే సర్దుకోండి.

నవంబరొచ్చిందంటే మా పింఛనుదార్లందరం వెళ్ళి బతికే ఉన్నామని ఒప్పించుకోవాలి. 2014 నుంచీ దీనికి జీవన్ ప్రమాణ్ అని కంప్యూటరు పద్ధతి ఒకటి ఉంది. గాజు పలక మీద వేలు పెడితే, ఆధార్‌లో ఉన్న వేలిముద్రతో పోల్చి, ఫలానావాడు ఇంకా ఉన్నాడు అని సర్టిఫికెట్ పుడుతుంది. నేను మాత్రం ప్రతేడూ కాగితం మీదే పని కానిచ్చేవాణ్ణి. ఇప్పటికీ కాగితం చెల్లుతుంది కూడా. కానీ మా బ్యాంకుకి కటకం నుంచి కొత్త మేనేజరొచ్చాడు. కాగితం వద్దు, వేలే కావాలన్నాడు.

బయల్దేరుతుంటే పక్కింటాయన గోడ మీంచి తల పెట్టాడు. వరసకి బావ.

"ఏటి బావా, బేంకుకేనా? ఎక్కడైనా సరే, చెయ్యి తడపందే పని జరగదు. జేబులో రెండు కాగితాలు ఉంచుకో."

ఆయనకి లోకం మీద మొదట్నించీ నమ్మకం లేదు. సరేనని వెళ్ళిపోయాను.

బ్యాంకులో వరస, టోకెన్లు, కూర్చోడానికి నాలుగు కుర్చీలు, వాటిలో మూడు విరిగినవి. అదంతా మీకు తెలిసిందే. వదిలేద్దాం. నా వంతు వచ్చింది. మిషను ముందు కూర్చున్న కుర్రాడు తలెత్తి "మాస్టారూ! మీరా!" అని లేచి నిలబడ్డాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివాడట. హోంవర్కు తేలేదని వాణ్ణి నేను బెంచీ ఎక్కించానట. ఒకసారి కాదు, ఏడాదంతా. నాకు గుర్తులేదు. వాడికి బాగా గుర్తుంది.

బొటనవేలు పెట్టాను. మిషను ఎర్రదీపం వెలిగించింది. తీసి తుడుచుకుని పెట్టాను. ఎర్రదీపం. చూపుడువేలు. ఎర్రదీపం. ఎడమచేతికి మారాం. అక్కడా ఎర్రదీపమే. పది వేళ్ళూ అయిపోయాక కుర్రాడు గాజు పలక మీద చిన్న చెరువుని చూసి, నా చెయ్యి చూసి, లోపలికి ఒక కేక పెట్టాడు: "సార్, మాస్టరంకొ హాతొ ఝాళ!"

ఒడియాలో ఝాళ అంటే చెమట. ఆ మాట వరస వెంబడి చివరిదాకా పాకింది. సగం మంది ఒడియాలో, సగం మంది తెలుగులో చెప్పుకున్నారు. మా ఊళ్ళో ఏ మాటైనా రెండుసార్లు పుడుతుంది. 1936లో గీత గీసినప్పుడు మేం ఒడిశాలో పడ్డాం గానీ, మహేంద్రతనయ దాటి కాస్త దూరం నడిస్తే పాతపట్నం, ఆంధ్రా. అందుకని పరువు కూడా రెండు భాషల్లో పోతుంది. చివర్న కూర్చున్న చెవిటి ముసలమ్మకి మాత్రం ఝాళ కాస్తా "జాలి"గా వినపడింది. "ఓలమ్మ, పాపం, ఏటైందో బావుకి" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ బ్యాంకు మొత్తం మీద నా పరిస్థితి సరిగ్గా అర్థమైంది ఆవిడొక్కదానికే.

నా చేతులకి ఈ చెమట చిన్నప్పట్నించీ ఉంది. మా నాన్నకీ ఉండేది. ఇది ఎండకి పట్టేది కాదు. మామూలు చెమట ఒంటి వేడి తగ్గించడానికి పడుతుంది. అరచేతులకీ అరికాళ్ళకీ పట్టేది మనసు చెప్పినట్టు వింటుంది. అందుకే జనవరి చలిలో కూడా పరీక్ష రాస్తుంటే నా చేతికింద సిరా పాకేసేది. అద్దుడు కాగితం లేకుండా నేను ఒక్క పరీక్షా రాయలేదు. పెళ్ళిలో జీలకర్ర బెల్లం నా చేతిలోనే పానకమైంది. పాణిగ్రహణం నాడు మా ఆవిడ, ఈయన హోమం చూసి భయపడుతున్నాడు కాబోలు అనుకుందట. ఉద్యోగంలో చేరాక మాత్రం బతికిపోయాను. సుద్దముక్క. ముప్పై రెండేళ్ళు నా చెమటని సుద్ద తాగింది. రిటైరైన రోజున అందరూ దండలు వేశారు గానీ, పోయింది ఉద్యోగం కాదు, సుద్దముక్క.

కేకకి మేనేజరు బయటికొచ్చాడు. ఒక పొడిగుడ్డ తెప్పించాడు. తడిగుడ్డతో గొంతులు కొయ్యడం విన్నాను గానీ, పొడిగుడ్డతో కొయ్యడం నిన్ననే చూశాను. తుడవడం, పెట్టడం, ఎర్రదీపం. తుడిచిన క్షణం పొడిగానే ఉంటుంది. ఇంతలో ఇరవై జతల కళ్ళు ఆ వేలి మీద వాలతాయి. వాలగానే లోపల పంపు తిరుగుతుంది. మనిషి ఒంట్లో ఇరవై నుంచి నలభై లక్షల చెమట గ్రంథులుంటాయని పాఠం చెప్పేవాణ్ణి. నిన్న అవన్నీ నా కుడి బొటనవేలికి డెప్యుటేషన్ మీద వచ్చినట్టున్నాయి. వాటిని నడిపేవి సహానుభూత నాడులు. ఆ పేరు పెట్టినవాడు దొరికితే అడగాలి, ఇందులో సహానుభూతి ఎక్కడుందని.

ఇంకో అన్యాయం ఏమిటంటే, ఆ మిషను ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆ గదిలో పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గాజు కింద దీపం ఉంటుంది. వేలి గీతల్లో ఎత్తుగా ఉన్న గట్లు గాజుకి తగిలినచోట వెలుగు చెదిరి నల్లగా కనపడుతుంది. గట్ల మధ్య గాలి ఉన్నచోట వెలుగు పూర్తిగా వెనక్కి తిరిగి తెల్లగా కనపడుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం. ఏటేటా పరీక్షకి ముందు గుర్తుపెట్టుకోండర్రా అని అరిచి చెప్పిన పాఠం. ఇప్పుడా గట్ల మధ్య చెమట నిండితే? తుఫానుకి మునిగిన వరిపొలం. గట్టేదో మడేదో తెలీదు. అంతా ఒకటే నల్లటి మచ్చ. ఈ సంగతి విడమరిచి చెప్పబోతే మేనేజరు "మాస్టర్జీ, ఫ్యాన్ కింద పెట్టండి" అన్నాడు.

ఫ్యాను పైకప్పుకి ఉంది. నేను నేల మీద ఉన్నాను. సెక్యూరిటీ గార్డు ఆ చిక్కు విడదీశాడు. స్టూలు తెచ్చాడు.

ఎందుకెక్కానో ఇప్పటికీ తెలీదు. నలుగురు చెబితే చేసేయడం నాకున్న జబ్బుల్లో రెండోది. ఎక్కాను. చెయ్యెత్తాను. గార్డు స్టూలు పట్టుకుని "జాగర్తండి, ఒక వేలు పోయినా తొమ్మిదుంటాయి గానీ" అని ధైర్యం చెప్పాడు. కింద మిషను దగ్గర నా శిష్యుడు. నేను స్టూలు మీద. చెయ్యి పైకెత్తి. వాడు నావంక చూశాడు. నేను గోడవంక చూశాను. వాడి మొహంలో ఇరవై ఏళ్ళనాటి ఏదో ఒక పాత బాకీ వడ్డీతో సహా తీరుతున్న వెలుగు కనపడింది. కానీ మర్యాదస్తుడు. "మాస్టారూ, ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉండండి" అని మాత్రం అన్నాడు. సరిగ్గా నేననే మాట. అదే గొంతు.

వరసలో ఉన్నవాళ్ళంతా వైద్యులైపోయారు. ఒకాయన పటిక రుద్దమన్నాడు. ఇంకొకాయన చేతికి ఇస్త్రీ చేయిస్తే మంచిదన్నాడు, నవ్వకుండా. ఒకావిడ చేతిసంచిలోంచి పౌడరు డబ్బా తీసి స్టూలు మీదికి చెయ్యి చాపి నా అరచేతిలో గుమ్మరించింది. అది చెమటతో కలిసి ముగ్గుపిండైంది. దిగి ఆ వేలు మిషను మీద పెడితే ఈసారి ఎర్రదీపం కూడా వెలగలేదు. గాజు మీద తెల్లటి పేస్టు. కుర్రాడు దాన్ని గోటితో గీకుతుంటే నన్ను మళ్ళీ స్టూలెక్కించారు.

పటిక చెప్పినాయన మరీ తప్పు చెప్పలేదు. చాలా ఏళ్ళ కిందట బరంపురంలో ఒక చర్మ డాక్టరుకి చూపించుకున్నాను. ముందు షుగరూ థైరాయిడూ చూశారు. ఒళ్ళంతా పట్టినా, రాత్రుళ్ళు పక్క తడిసినా లోపల వేరే జబ్బేదో ఉందేమో చూడాలట. నాకవేవీ లేవు. తర్వాత నా రెండు చేతులకీ అయోడిన్ పూసి, ఆరాక పైన గంజిపొడి చల్లారు. చెమట ఊరినచోటల్లా నల్లబడిపోయింది. బంగాళదుంప మీద అయోడిన్ చుక్క వేసి ఏళ్ళ తరబడి పిల్లలకి చూపించిన ప్రయోగం. నేనే దుంపనయ్యాను. అప్పుడు అల్యూమినియం క్లోరైడు లోషన్ రాశారు. రాత్రి పడుకునే ముందు పొడి చేతులకి రాసుకుని, పొద్దున్న కడుక్కోవాలి. రాసుకున్నన్నాళ్ళూ బాగానే ఉండేది గానీ చేతులు మంటలెత్తేవి. మానేశాను. మాత్రలున్నాయన్నారు, నోరెండిపోతుంది. పాఠం చెప్పేవాడికి నోరెండితే జీతమెవడిస్తాడు? నీళ్ళ పళ్ళేల్లో చేతులు పెట్టించి సన్నగా కరెంటు పంపే పద్ధతి ఒకటుంది, అరగంట చొప్పున, వారానికి కొన్నిసార్లు, చాలామందికి పనిచేస్తుందట. నీళ్ళూ కరెంటూ అనగానే మా ఆవిడ సంచీ తీసుకుని లేచి నిలబడింది. చివరికి ఛాతీలో నరం కత్తిరించే ఆపరేషను. చేతులు ఆరిపోతాయి, నిజమే, కానీ చాలామందికి ఆ చెమట వీపుకో పొట్టకో మళ్ళుతుందట. ట్రాన్స్‌ఫరే తప్ప రిటైర్మెంటు లేదు.

డాక్టరు చెప్పిన ఇంకో ముక్క స్టూలు మీద గుర్తొచ్చింది. ఈ రకం చెమట నిద్రలో పట్టదు. అంటే నేను కళ్ళు మూసుకుని, కదలకుండా, చచ్చినట్టు పడుంటేనే నా వేలు పొడిగా ఉంటుంది. అప్పుడు ముద్ర తీసుకుంటే మిషను బతికున్నానంటుంది. మేలుకుని, నిలబడి, సిగ్గుతో కారిపోతుంటే లేనంటుంది. శవానికెక్కడైనా చెమట పడుతుందా? ఈ మాట మేనేజరుని పైనుంచే అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి "సిస్టమ్ తీసుకోవట్లేదు కదా" అన్నాడు.

అంతలో కరెంటు పోయింది. మిషనుకి ఇన్వర్టరుంది. ఫ్యానుకి లేదు.

ఫ్యాను రెక్కలు మెల్లగా, మరీ మెల్లగా ఆగడం అంత దగ్గర్నించి నేనెప్పుడూ చూడలేదు. మూడో రెక్క మీద సాలెగూడు కూడా ఉంది. గార్డు స్టూలు వదిలేసి పింఛను రిజిస్టరుతో నా వేలికి విసరడం మొదలెట్టాడు. ముసలమ్మ "ఊదండర్రా" అంది. ఇద్దరు ఊదారు. ఒకాయన పొద్దున్న ఉల్లిపాయ తిన్నాడు.

వాళ్ళ అమ్మమ్మని తీసుకొచ్చిన కాలేజీ పిల్ల ఒకతి ఇదంతా చూస్తూ చూస్తూ దగ్గరికొచ్చి, "తాతగారూ, మొహంతో అయిపోతుంది కదా, ఎందుకెక్కారు?" అంది. 2021 నుంచే ఉందట. ఫోన్లో మొహం చూపిస్తే చాలు, వేలక్కర్లేదు. బ్యాంకుకి కూడా రానక్కర్లేదు. నేను మేనేజరువంక చూశాను. ఆయన చాలా పనున్నవాడిలా స్టాంపు ప్యాడు మూత తెరిచి మళ్ళీ పెట్టాడు.

దిగాను. ఆ పిల్ల ఫోను పట్టుకుంది. నా చేతికివ్వలేదు, తెలివైంది. "కళ్ళార్పండి." ఆర్పాను. అయిపోయింది. ఆధార్ నంబరు కొట్టిన టైము కూడా కలిపితే అయిదు నిమిషాలు.

అప్పుడు మేనేజరు కుర్చీలోంచి లేచొచ్చి "కంగ్రాచ్యులేషన్స్ మాస్టర్జీ" అని చెయ్యి చాచాడు. ఎవరు చెయ్యి చాచినా నేను నమస్కారం పెట్టి తప్పించుకుంటాను. నలభై ఏళ్ళ అలవాటు. నిన్న పెట్టలేదు. రెండు చేతులా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మీది కటకంలో ఎక్కడన్నాను. పిల్లలెంతమందన్నాను. ఏం చదువుతున్నారన్నాను. మా ఊరి నీళ్ళు పడ్డాయా అన్నాను. ఆయన మెల్లగా లాక్కోబోయాడు. కోట చూశారా అన్నాను. వదిలేసరికి ఆయన కళ్ళు పొడిగుడ్డ కోసం వెతుకుతున్నాయి.

ఇంటికొచ్చి గేటు తీస్తుంటే బావ గోడ మీదే ఉన్నాడు.

"పనైందా? నాను సెప్పినట్టు మేనేజరు చెయ్యి తడిపావా?"

"తడిపాను."

"ఏ మాత్రం?"

"మోచేతి దాకా."